మునగని పుట్టి

పెద్ద నష్టం వాటిల్లినప్పుడు తెలుగువాడు "పుట్టి మునిగింది" అంటాడు. నష్టం చిన్నదైతే "ఇప్పుడేం పుట్టి మునిగిందని?" అంటూ ఎదుటివారిని ఊరడిస్తాడు. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు జాతీయాలు బోధించిన నేను, పాఠంలో ఈ మాట వచ్చినప్పుడల్లా "పుట్టి అంటే ఏమిటి?" అని అడిగేవాణ్ణి. మెట్ట ఊళ్ల పిల్లలు "ఇరవై తూముల వడ్లు సార్" అనేవారు. ఏటి ఒడ్డు ఊళ్ల పిల్లలు మాత్రం రెండు చేతులు గుండ్రంగా చాపి చూపి, "నది దాటేది సార్" అనేవారు. నిఘంటువులు రెండర్థాలనూ ఒప్పుకుంటాయి. ధాన్యపు పుట్టి కొలతల పట్టికలోనైనా మిగిలింది. నదిని దాటించిన పుట్టికి చరిత్ర అంటూ మన ప్రాంతంలో ఎవరూ రాసిపెట్టిన దాఖలా నా కంటబడలేదు. మునిగినందుకు అది భాషలోకి ఎక్కింది. మునగకుండా జనాన్ని ఒడ్డు చేర్చిన సందర్భాలు మాత్రం ఏ పుస్తకానికీ ఎక్కలేదు. ఆ లోటును గురించి చదువరులతో నాలుగు మాటలు పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా నదిని గురించి చెప్పాలి. కృష్ణానది కర్ణాటకను దాటి తంగడి దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. భీమానది వచ్చి కృష్ణలో కలిసేది ఆ ప్రాంతంలోనే. అక్కడినుండి మక్తల్, ఆత్మకూరు, గద్వాల సీమల మీదుగా ప్రవహించి, బీచుపల్లి ఆంజనేయస్వామి పాదాలకు మొక్కి, అలంపురం దాటాక తుంగభద్రను కలుపుకొని, సోమశిల మీదుగా నల్లమల కొండల్లోకి పోతుంది. కొండలు దాటాక నల్లగొండ జిల్లా దక్షిణపు సరిహద్దున నాగార్జునసాగరమై నిలిచి, వాడపల్లి దగ్గర మూసీని చేర్చుకొని, మట్టపల్లి మీదుగా కోస్తాకు సాగుతుంది. మేము పాలమూరు అని పిలుచుకొనే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా 2016లోను, 2019లోను జరిగిన విభజనలతో ప్రధానంగా ఐదు జిల్లాలైంది గాని, నది మాత్రం తన పాత దారినే పోతున్నది.

కోస్తాలో కృష్ణ మట్టినేల మీద నెమ్మదిగా నడిచే నది. పాలమూరులో అది రాళ్ల నది. నదీగర్భమంతా నల్లరాతి బండలు. వాటి నడుమ పాయలు, మడుగులు, సుడులు. వేసవిలో కొన్నిచోట్ల మోకాటి లోతున దాటవచ్చు. ఆషాఢంలో ఎగువన వానలు పడితే ఆ బండలన్నీ నీటికింద దాగిపోతాయి. కోస్తావారు లంక అనే దాన్ని మా వైపు గడ్డ అంటారు. గద్వాల దగ్గరి గుర్రంగడ్డ అటువంటి ఊరే. చుట్టూ కృష్ణ, నడుమ పొలాలు, ఇళ్లు. మక్తల్ వైపు పంచదేవపహాడ్ నుండి ఏరు దాటితే శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రమైన కురువపురం కూడా నది నడుమ దీవే. ఇటువంటి నదిలో చెక్కపడవ నడిపితే నీటికింది బండ తగిలి పలకలు విరుగుతాయి. ఈ నదికి పలక పనికిరాదు, గంప పనికివస్తుందని కనిపెట్టినవారెవరో మనకు తెలియదు. తెలిసినంతమటుకు ఆ మహానుభావుని ఊహకు వచ్చిన గంపే పుట్టి.

పుట్టి కట్టడం చూడముచ్చటైన పని. వెదురు బద్దలను నేలమీద నిలువుగా, అడ్డంగా పరచి మొదట అడుగు అల్లుతారు. అడుగు సిద్ధమైన తరువాత చుట్టూ మిగిలిన బద్దలను పైకి వంచి, వాటి నడుమ అడ్డబద్దలు దూర్చుకుంటూ గోడ లేపుతారు. అంచు చుట్టూ వెదురు కట్టలు బిగించి కట్టడంతో ఆకారం కుదురుతుంది. పూర్వం దీనికి వెలుపలివైపు బర్రె తోళ్లో ఎద్దు తోళ్లో కుట్టి తొడిగేవారు. తోలు పోయి గోనెపట్టా, టార్పాలిన్, ఎరువుల సంచుల పట్టా వచ్చాయి. వాటిమీద డాంబరు పూసేవారు. ఇప్పుడు ఫైబరు పుట్టులు కూడా వచ్చాయి. వెదురు పని తెలిసినవారు, తోలు పని తెలిసినవారు, నీటి పని తెలిసినవారు ముగ్గురి విద్యా ఒకచోట కలిస్తే గాని పూర్వపు పుట్టి తయారయ్యేది కాదు. ఒడ్డున ఎవరిని ఎవరు తాకకూడదని ఎన్ని కట్టుబాట్లు పెట్టుకున్నా, నది నడుమకు వచ్చేసరికి అందరినీ మోసింది వారు కుట్టిన తోలే.

పుట్టికి ముక్కు లేదు, తోక లేదు, అడుగున వెన్నుకర్ర లేదు. అందువల్ల అది తిన్నగా పోదు, తిరుగుతూ పోతుంది. నడిపేవాడు తెడ్డును పక్కన వేయడు. తాను పోదలచిన దిక్కుకు వంగి, ముందరి నీటిని తనవైపు లాక్కుంటాడు. బండ తగిలితే వెదురు కాస్త లోపలికి నొక్కుకొని మళ్లీ తన ఆకారానికి వస్తుంది. ప్రవాహానికి ఎదురు నడపడం మాత్రం అసాధ్యం. కనుక అవతలి రేవుకు చేరాలంటే ఇవతల ఒడ్డున చాలా దూరం ఎగువకు పోయి అక్కడ నీటిలో దించాలి. ఏరు తనంతట తాను కిందికి తోస్తూ ఉంటే, తెడ్డు అడ్డంగా లాగుతూ ఉంటే, రెండు బలాలూ కలిసి రేవుకు చేరుస్తాయి. ఎంత ఎగువకు పోవాలన్నది ఆనాటి నీటి వేగాన్ని బట్టి ఉంటుంది. దాన్ని నీటిలో తేలే నురుగును చూసి అంచనా కట్టేవారు. ఒడ్డు చేరాక ఒక్కడే పుట్టిని బోర్లించి నెత్తిన పెట్టుకొని నడిచిపోయేవాడు. దూరం నుండి చూస్తే తాబేలు నిలబడి నడుస్తున్నట్టు ఉండేది.

నాతో కలిసి పనిచేసిన లెక్కల మాస్టారు ఒకనాడు పిల్లలకు పుట్టి లెక్క వేసి చూపించారు. ఎనిమిది అడుగుల వ్యాసమున్న పుట్టి అడుగు వైశాల్యం సుమారు 50 చదరపు అడుగులు. అది ఒక అంగుళం మునిగితే నాలుగు ఘనపుటడుగులకు పైగా నీటిని పక్కకు తోస్తుంది. ఘనపుటడుగు నీటి బరువు 28 కిలోలకు పైనే. గోడలు నిటారుగా ఉన్నాయనుకుంటే ఒక్క అంగుళానికి దాదాపు 118 కిలోల బరువును నది మోస్తుందన్నమాట. ఇద్దరు మనుషులకు ఒక అంగుళం. పన్నెండుమంది ఎక్కినా పుట్టి మునిగే లోతు జానెడుకు మించదు. అదే బరువు ఇరుకైన చెక్కపడవలో వేస్తే ఇంకా లోతుకు దిగుతుంది. జానెడు నీరున్న చోట కూడా పదిమందిని మోయగలగడమే రాళ్ల నదిలో పుట్టికి ఉన్న బలం. దాని బలహీనత కూడా అక్కడే ఉన్నది. బరువు నడుమ ఉన్నంతసేపు భయం లేదు. అందరూ ఒక పక్కకు జరిగితే క్షణంలో అంచు నీటికి తగులుతుంది. "కూసోండ్రి, నిలవడొద్దు" అన్న మాట ప్రతి రేవులోను మొదట వినపడేది అందుకే.

ఇది ఈనాటి నేర్పు కాదు. సుమారు 1520లో విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొంది దగ్గర తుంగభద్రను దాటించే గంపల్లాంటి పడవలను వర్ణించాడు. లోపల పేము, వెలుపల తోలు. పదిహేను ఇరవై మంది ఎక్కవచ్చు. అవి తిరుగుతూనే పోతాయి. ఈ రాజ్యంలో ఏరులున్న చోట్ల ఇవి తప్ప వేరే పడవలు లేవు అన్నాడు. 17వ శతాబ్దిలో గోల్కొండ వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కృష్ణానదిని ఇటువంటి తోలు గంపల్లోనే దాటాడు. అడుగున కట్టెలు పేర్చి, వాటిమీద తివాచీలు పరచి సామాను తడవకుండా చూసేవారనీ, బండ్లను రెండు గంపల నడుమ కట్టి దాటించేవారనీ ఆయన రాశాడు. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అనే మన సామెతను ఆయన కళ్లారా చూసినట్టే. ఇంకా వెనక్కి పోతే, క్రీస్తు పూర్వం 5వ శతాబ్దికి చెందిన గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ బాబిలోనుకు సరుకు తెచ్చే గుండ్రని తోలు పడవలను గురించి చెప్పాడు. అవి ఎదురెక్కవు గనుక, ప్రతి పడవలోను ఒక గాడిదను వెంట తెచ్చుకొని, సరుకుతో పాటు పడవ చట్రాన్ని కూడా అమ్మివేసి, తోళ్లను గాడిద మీద వేసుకొని తిరిగి పోయేవారట. యూఫ్రటీసు ఒడ్డున గాడిద మోసినదాన్ని కృష్ణ ఒడ్డున మనిషి నెత్తిన మోశాడు. తేడా అంతే.

ఇంతవరకు చెప్పినది రోజువారీ ప్రయాణం సంగతి. వరద నాడు ఈ గంపే ప్రాణాలు కాపాడే నావ అవుతుంది. ప్రాణరక్షణ నావ అనగానే లోకమంతా ఇంగ్లండు వైపు చూస్తుంది. అది సహేతుకమే, ఆ దేశం తన నావల చరిత్రను అంత శ్రద్ధగా దాచుకున్నది. 1785లో లయొనెల్ లూకిన్ అనే బండ్లు కట్టే వృత్తిదారుడు మునగని పడవకు పేటెంటు పొందాడు. 1789లో టైను నది సముద్రంలో కలిసే చోట 'అడ్వెంచర్' అనే ఓడ తుపానులో చిక్కి, ఒడ్డున వేలాదిమంది చూస్తుండగానే నావికులు నీటిపాలయ్యారు. చూస్తూ ఏమీ చేయలేకపోయామన్న బాధతో సౌత్ షీల్డ్స్ పట్టణంవారు మంచి నావ నమూనాకు బహుమతి ప్రకటించారు. విలియం వుడ్‌హేవ్, హెన్రీ గ్రేట్‌హెడ్ అనే ఇద్దరి ఆలోచనలు కలిసి 1790లో 'ఒరిజినల్' అనే తెడ్ల నావ నీటిలో దిగింది. దాన్ని కనిపెట్టిన ఘనత ఎవరిదని ఆ ఇద్దరి పక్షాన వాదులాడుకున్నవారు తరువాత కూడా ఉన్నారు. గ్రేట్‌హెడ్ 1802లో కట్టిన 'జెట్లాండ్' అనే నావ రెడ్‌కార్ అనే జాలరుల ఊరికి చేరింది. 1880 వరకు, అంటే 78 ఏళ్లపాటు, అది ఐదు వందలమందికి పైగా ప్రాణాలు కాపాడింది. ఈనాటికీ అదే ఊళ్లో ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నది. 1824లో విలియం హిల్లరీ పూనికతో ఇందుకొక జాతీయ సంస్థ కూడా ఏర్పడి, తెడ్లతోను, తెరచాపతోను నడిచే నావలను తీరం పొడవునా నిలిపింది. నావకు పేరు, కట్టినవాని పేరు, బయలుదేరిన తేదీ, కాపాడినవారి సంఖ్య అన్నీ లెక్కకు ఎక్కాయి.

ఆ నావలను నడిపినవారు ఎవరు? అధికంగా ఆ తీరపు జాలరులే. రోజూ చేపలు పట్టే చేతులే తుపాను నాడు ప్రాణాలు పట్టాయి. ఈ మాట దగ్గర ఇంగ్లండు సముద్రతీరమూ పాలమూరు కృష్ణాతీరమూ ఒకటే. ప్రాణం కాపాడే నావను ఆపద వచ్చిన నాడు కొనితెచ్చుకోలేము. నీటితో నిత్యసంబంధమున్నవాడు ఉండాలి, వాని చేతికి అలవాటైన పడవ ఉండాలి. ఆ రెండూ ఉన్నచోట కొత్తగా పేరు పెట్టకపోయినా అది ప్రాణనౌకే.

నా తొలి ఉద్యోగం 1980ల నడుమ ఏటి ఒడ్డున ఒక ఉన్నత ప్రాథమిక పాఠశాలలో. గడ్డ మీది ఊరినుండి పదిపదిహేనుమంది పిల్లలు పుట్టిలో దాటి బడికి వచ్చేవారు. ఏరు పొంగిన రోజున వారు రారు. వారికి గైర్హాజరు గుర్తు వేయడానికి నాకు మనసొప్పేది కాదు. గుర్తు వేసి, పక్కన పెన్సిలుతో సన్నగా "ఏరు" అని రాసేవాణ్ణి. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి "ఇదేమిటండీ పంతులుగారూ, ఏరు కూడా మీ విద్యార్థేనా?" అని నవ్వారు. తరువాత ఆలోచిస్తే, ఆ ఏళ్లలో ఆ రేవున ఏరు ఎప్పుడెప్పుడు పొంగిందో తెలిపే రాత ఆ ఊళ్లో అదొక్కటే. పాత పట్టీలు తరువాత ఏమయ్యాయో గాని, పిల్లలను దాటించిన పెద్దమనిషి మాత్రం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉన్నాడు.

ఆయనకు అక్షరం రాదు. ఊళ్లవారు పంట నూర్చినప్పుడు కల్లంలో ఇంత అని గింజలు కొలిచేవారు. పొరుగూరివాడైతే చిల్లర ఇచ్చేవాడు. వరదలో చిక్కినవారిని తెచ్చినప్పుడు మాత్రం ఎవరి దగ్గరా పైసా తీసుకోడు. "ఆపద నాడు కేవు దీస్కుంటె గంగమ్మ ఊకుంటదా సారూ?" అనేవాడు. ఒక సాయంత్రం నేను ఆయనను "ఇన్నేళ్లలో ఎంతమందిని కాపాడి ఉంటారు?" అని అడిగాను. ఆయన తెడ్డు కడుక్కుంటూ, "దిగినోళ్ల లెక్క ఎవలు వెడ్తరు సారూ? దిగనోని లెక్కనే యాదికుంటది" అన్నాడు. దిగనివాడు ఒక్కడే. ఎప్పుడో ఏరు వేగంగా ఉన్న రోజున, సుడి దగ్గర పుట్టి గిర్రున తిరిగేసరికి భయపడి లేచి నిలబడ్డ బాటసారి. పుట్టి ఒరిగింది, అతడు జారాడు. తక్కిన అందరినీ ఒడ్డు చేర్చాడు. ఆ బాటసారి పేరు, ఊరు, మెడలో వేసుకున్న తువ్వాలు రంగుతో సహా చెప్పి, ఆయన ఇక మాట్లాడలేదు.

రెడ్‌కార్ వారు బతికినవారిని లెక్కపెట్టారు. మా రేవు పెద్దమనిషి పోయినవాణ్ణి మాత్రమే లెక్కపెట్టాడు. కాపాడినవారిని లెక్కించడం ఆయన దృష్టిలో గొప్ప చెప్పుకోవడం. ఆ వినయానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కాని ఆ వినయాన్ని సాకుగా చేసుకొని మిగిలినవారం, చదువుకున్నవారం, లెక్క రాయకుండా ఉండిపోయాము. ఆయన రాయకపోవడం సంస్కారం. మనం రాయకపోవడం అశ్రద్ధ.

పండితశిక్షణలో అమరకోశం వల్లెవేసినప్పుడు వారివర్గం నాకు ఎంతో ఇష్టంగా ఉండేది. నౌ, తరణి, తరి అని నావకు పేర్లు. ఉడుపము, ప్లవము, కోలము అని తెప్పకు పేర్లు. పడవను నడిపే కర్రకు క్షేపణి. దాటించినందుకు ఇచ్చే కూలికి ఆతరము. తెలుగులో కేవు అన్నా అదే. ఇన్ని మాటలున్న చోట ప్రాణాలు కాపాడే నావకు వేరే పేరు లేదేమిటని వెతికాను. తరణి అన్న మాటలోనే జవాబు ఉన్నదని తరువాత తోచింది. 'తౄ' ధాతువుకు దాటుట అని అర్థం. తరణి దాటించేది. తీర్థం అంటే మొదట నదిని దాటే రేవు, తరువాతనే పుణ్యస్థలం. తారకం, తరించడం, తరుణోపాయం అన్నీ ఆ కుటుంబంలోని మాటలే. దాటించడమూ కాపాడడమూ మన పూర్వులకు ఒకే పని. అందుకే త్యాగరాజస్వామి 'నౌకా చరిత్రము' రాసినప్పుడు కూడా, యమున నడుమ చిల్లుపడ్డ పడవలో గోపికలు అహంకారం వదిలి శరణనడమే కథ అయింది. నావను గురించి మనవారు చెప్పిన తత్త్వానికి కొదవ లేదు. నావను కట్టినవాని పేరు, నడిపినవాని పేరు రాసినది మాత్రం తక్కువ.

పుట్టి విలువ తెలియాలంటే అది లేనిచోట ఏమి జరిగిందో చూడాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచివేసింది. వేలాదిమంది చనిపోయారు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కొమ్మలు పట్టుకొని సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉన్నది, ఏటేటా జనం దానికింద చేరి ఆనాటివారిని తలచుకుంటారు. రాజధాని నగరానికి ఆనాడు చింతచెట్టే నావ అయింది. అదే మూసీ నల్లగొండ జిల్లా పొడవునా పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

2009 అక్టోబరు మొదటి వారంలో కృష్ణకూ తుంగభద్రకూ ఒకేసారి వచ్చిన వరదను మా తరం మరువలేదు. శ్రీశైలం జలాశయానికి పాతిక లక్షల క్యూసెక్కుల దాకా నీరు వచ్చింది. 885 అడుగుల పూర్తి మట్టమున్న జలాశయంలో నీరు 896 అడుగులు దాటింది. కర్నూలు మునిగింది, అలంపురం మునిగింది, తుంగభద్ర ఒడ్డున చేనేతకు పేరుపొందిన రాజోలిలో ఇళ్లూ మగ్గాలూ నీటిపాలయ్యాయి. అంతకు రెండేళ్ల ముందు, 2007 జనవరిలో, కొల్లాపూర్ ప్రాంతంలోని మంచాలకట్ట దగ్గర శ్రీశైలం వెనుకజలాల్లో పడవ మునిగి అరవైమంది దాకా చనిపోయారు. అది వరద కాలం కూడా కాదు. జలాశయం నిండాక పాత రేవు దూరం పెరుగుతుంది, లోతు పెరుగుతుంది, గాలికి అల లేస్తుంది. నిన్నటివరకు పారే నీటికి అలవాటైన నేర్పు నిలిచిన నీటికి సరిపోదు. కొత్త నీటికి తగిన కొత్త నేర్పును, తగిన పడవను, ఎంతమంది ఎక్కవచ్చునో చెప్పే కట్టుబాటును ఎవరో ఒకరు పూనుకొని నేర్పవలసి ఉండింది.

ఇక్కడే నా మనసులోని అసలు బాధ ఉన్నది. నదికి ఆనకట్టలు కట్టినప్పుడు మనం ఏమీ కాపాడలేదని అనలేము. నాగార్జునసాగరం కింద మునిగే ఇక్ష్వాకుల విజయపురిని 1950లలో తవ్వి, అక్కడి కట్టడాలను, శిల్పాలను కొండమీదికి చేర్చారు. ఆ కొండే ఇప్పుడు జలాశయం నడుమ దీవి. లాంచీలో పోయి చూస్తాము. శ్రీశైలం ముంపులో పోవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. పాలమూరు పిల్లలమర్రి ప్రదర్శనశాలలోని శిల్పాలను చూసినప్పుడల్లా మన పురావస్తు శాఖ వారి ఓపికకు నమస్కరించాలనిపిస్తుంది. కాని అదే నీటికింద మునిగిన ఊళ్ల రేవులెన్ని? ఆ రేవుల్లో పుట్టులెన్ని? వాటిని నడిపిన కుటుంబాలు ఏ ఒడ్డుకు చేరాయి? రాళ్లకు అంకెలు వేసిన చేతులు మనుషుల విద్యకు అంకె వేయలేదు. రాయి తనంతట తాను కదలదు గనుక మోసుకొచ్చాము. విద్య మనిషి వెంట దానంతటదే వస్తుందనుకున్నాము. అది రాదు, నిత్యమూ చేతిలో ఆడితేనే ఉంటుంది.

వంతెనలు వద్దని నేననను. బీచుపల్లి వంతెన మీద బస్సులో కూర్చొని కృష్ణమ్మకు దండం పెట్టుకుంటూ దాటిపోయే సుఖం నాకూ తెలుసు. కాన్పుకు పోయే ఆడకూతురు పుట్టి కోసం రేవులో ఎదురుచూడవలసిన రోజులు పోవాలి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం తరువాత 2006లో జాతీయ విపత్తు స్పందన దళం ఏర్పడింది. వారు ఇంజను బిగించిన రబ్బరు పడవలతో వచ్చి చేసే సేవ అమూల్యమైనది. కాని వారు దూరం నుండి రావాలి. వారు వచ్చేలోగా గడిచే గంటలు ఆ ఊరివారివే. ఆ గంటల్లో నీటికింద ఏ బండ ఎక్కడుందో, ఏ పాయ ఎటు లాగుతుందో తెలిసినవాడు ఒడ్డున ఉంటే మేలు. చేపలవేట సాగినంతకాలం అట్టివాడు ఉంటాడు. వాని కొడుకు హైదరాబాదులో భవనాల పనికి పోయిన నాడు ఉండడు. పాలమూరు వలస వల్ల పొలం బీడుపడిందని ఎందరో రాశారు. రేవు కూడా బీడుపడుతుందని ఎవరూ రాయలేదు.

చేయవలసింది పెద్ద ఖర్చు పని ఏమీ కాదని నా నమ్మకం. పిల్లలమర్రి ప్రదర్శనశాలలో ఆ శిల్పాల పక్కన ఒక వెదురు పుట్టి, ఒక తెడ్డు ఉంచవచ్చు. కట్టినవారి పేరు రాసి ఉంచవచ్చు. ఏటా మృగశిర కార్తె రాకముందే నది ఒడ్డు పంచాయతీలన్నిటిలో పుట్టులెన్ని ఉన్నాయి, నడపగలవారు ఎవరు అని ఒక పట్టిక రాసి, వారికి తొడుగు చొక్కాలు, ఇంత గౌరవవేతనం ఇవ్వవచ్చు. జెట్లాండ్ నావ ప్రదర్శనశాలకు చేరేనాటికి దాని పని అందుకోవడానికి మరొక నావ, మరొక జట్టు సిద్ధంగా ఉన్నాయి. మనం కూడా పాతదాన్ని దాచుకోవడంతో పాటు దాని పనిని ఎవరి చేతిలో పెడుతున్నామో చూసుకోవాలి. గడ్డ ఊళ్లలో పనిచేసే ఉపాధ్యాయ మిత్రులకు కూడా ఒక మనవి. పిల్లల చేత వారి తాతలను అడిగించి, రేవు పేరు, పుట్టి కట్టే తీరు, నీటి గుర్తులకు వాడే మాటలు రాయించండి. పరీక్షల్లో వ్యాసాలకు ఇచ్చే విషయాల కన్నా అది ఎన్నో రెట్లు మేలైన తెలుగు అభ్యాసం.

ఇది చదువుతున్నవారిలో కృష్ణ, తుంగభద్ర, భీమ ఒడ్డు ఊళ్లవారు తప్పక ఉంటారు. మీ ఊరి రేవులో మిమ్మల్ని, మీ తల్లిదండ్రులను దాటించిన మనిషి పేరు మీకు గుర్తుంటే, మరచిపోకముందే ఒక కాగితం మీద రాసి ఉంచండి. తేదీ తెలియకపోయినా ఫరవాలేదు. ఆయన లెక్క పెట్టుకోలేదు గనుక, దాటినవాళ్లమైన మనమే ఆ లెక్క పెట్టాలి.